ఇంగ్లండు కాలువ పడవ, మన కరిసల్ బావి ఇంజను

ఈ నెల మన పాత సత్రం చరిత్ర రాస్తానని మాట ఇచ్చినాను. అది వచ్చే నెలకు వాయిదా. మధ్యలో ఒక ఫోను వచ్చి నా బుద్ధిని వేరే పక్కకు లాక్కుపోయింది. కొంచెం పొడుగు కథ, తీరిక ఉన్నప్పుడు చదవండి.

మా చిన్నాయన కొడుకు, అంటే నాకు తమ్ముడు, వాడి కుమారుడు ఇంగ్లండులో ఉద్యోగం చేస్తున్నాడు. అక్కడ ఇంటి బాడుగలు తట్టుకోలేక ఒక పాత కాలువ పడవ కొని అందులోనే ఉంటున్నాడు. ఆ సంగతి తెలిసిన రోజు వాళ్ళమ్మ ఏడ్చింది. "కోవిల్‌పట్టిలో తాగునీళ్ళకు బిందెలు పెట్టి వరసలో నిలబడినోళ్ళం, నా బిడ్డ పోయి నీళ్ళ మీద పండుకోవాల్నా" అని.

పడవ 1936లో సరుకు మోయడానికి కట్టింది. అప్పుడు 70 అడుగుల పొడుగు, 7 అడుగుల వెడల్పు. తరువాత ఎవరో దాన్ని కోసి 45 అడుగులు చేసినారు. పోయిన పొంగలికి పిల్లోడు ఊరికి వచ్చేటప్పుడు ఇంజన్లో నీళ్ళు తీయడం మరిచిపోయినాడు. అక్కడి చలికి నీళ్ళు గడ్డకట్టి, ఉబ్బి, ఇంజను బ్లాకు పగిలిపోయింది. ఇప్పుడు పడవకు ఒక నమ్మకమైన ఇంజను కావాలి.

"పెదనాయనా, ఇక్కడ పడవలోళ్ళంతా లిస్టర్ అంటారు. ఆ పాత రకం ఇక్కడ 1987లోనే ఆపేసినారంట. కానీ ఇండియాలో రాజ్‌కోట్ పక్క ఇంకా చేస్తానే ఉన్నారంట. మన తాతల బాయిలో ఉన్నింది లిస్టరే కదా? ఇంకా ఉండాదా?"

నేను ఆ రోజు నేరుగా జవాబు చెప్పలేదు. విచారించి చెప్తానన్నాను. విచారించే కొద్దీ ఆ పడవల కథా, మన బావుల కథా ఒకటే అని తెలిసింది. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

ముందు పడవల సంగతి. ఇంగ్లండులో రైలు రాకముందు బొగ్గు, ఇనుము, పింగాణి అన్నీ కాలువల్లోనే పోయేవి. గట్టు మీద ఒక గుర్రం తాడుతో లాగుతుంది. ఒక్క గుర్రం 25, 30 టన్నుల సరుకును మనిషి నడక వేగంతో లాక్కుపోయేది. నీటి మీద బరువు అంత తేలిక. ఈ లెక్క గుర్తు పెట్టుకోండి, తరువాత పనికి వస్తుంది. గుర్రం తరువాత కొన్ని కంపెనీలు పడవలో ఆవిరి ఇంజను పెట్టి చూసినాయి. బలం ఉంది, కానీ బాయిలరు, దానికి బొగ్గు, దాన్ని చూసుకొనే మనుషులు, ఇవన్నీ కూర్చుంటే సరుకుకు చోటు తగ్గిపోయింది. మోసేదానికి కట్టిన పడవ తన తిండినే మోసుకొని తిరిగితే లాభం ఎక్కడిది? రైల్వేలో పార్సిల్ ఆఫీసులో కూర్చున్నవాడికి ఈ లెక్క చెప్పనక్కరలేదు.

1912లో ఫెలోస్ మార్టన్ అండ్ క్లేటన్ అనే పెద్ద రవాణా కంపెనీ లిండా అనే పడవలో స్వీడను దేశపు బొలిండర్ ఇంజను పెట్టింది. 15 గుర్రాల బలం, ఒకే సిలిండరు. చోటు తక్కువ పడుతుంది, చూసుకొనేదానికి వేరే మనిషి అక్కరలేదు. చిక్కు ఏమంటే, స్టార్ట్ చేసే ముందు బ్లోలాంపుతో దాని తలను ఎర్రగా కాల్చాలి. పడవను వెనక్కి నడపాలంటే ఇంజన్నే ఉల్టా తిప్పాలి. వేగం బాగా తగ్గించి, ఆగిపోయే గడియలో ఆయిల్ ఇస్తే అది తిరగబడి వేరే పక్కకు తిరుగుతుంది. చెయ్యి తిరిగినవాడికే ఆ విద్య. 1930లలో నేషనల్, రస్సెల్ న్యూబరీ లాంటి డీజిల్ ఇంజన్లు వచ్చినాయి. మన పిల్లోడి పడవ ఆ కాలందే.

పడవ బతకాలంటే ఇంజను మార్చుకుంటూ పోవాలి. దీనికి నాకు తెలిసిన మంచి ఉదాహరణ క్రెస్సీ అనే పడవ. గుర్రం లాగేదానికి కట్టినారు, తరువాత దాంట్లో ఆవిరి ఇంజను పెట్టినారు, అదీ తీసేసి ఫోర్డు మోడల్ టీ కారు ఇంజను పెట్టినారు. ఆ పడవలో కాపురం ఉండి తిరిగిన రోల్ట్ అనే ఇంజనీరు 1944లో ఒక పుస్తకం రాసినాడు. అది చదివి జనం కదిలి 1946లో కాలువలను కాపాడే సంఘం పెట్టినారు. ఈయన పేరు నాకు పడవల వల్ల తెలియలేదు, రైళ్ళ వల్ల తెలిసింది. వేల్సులో టాలిలిన్ అనే చిన్న రైలు మూతపడబోతే 1951 నుంచి ఊరివాళ్ళు, ఉత్సాహం ఉన్నవాళ్ళు జీతం లేకుండా నడిపినారు. లోకంలో అట్లా కాపాడిన మొదటి రైలు అది. దాని వెనక ఉన్నది కూడా ఈ రోల్టే.

ఆయన కాపాడదామనుకొన్న సరుకు రవాణా మాత్రం నిలవలేదు. 1948లో కాలువలను ప్రభుత్వం తీసుకొంది. 1962-63 చలికాలంలో వారాల తరబడి కాలువలు గడ్డకట్టి పడవలు కదలలేదు. సరుకు లారీలకు పోయింది, మళ్ళీ రాలేదు. మిగిలిన పడవలే ఇప్పుడు ఇళ్ళు.

ఇంతవరకు చదివి, మన తెలుగు దేశంలో కాలువలు లేవా అని కొందరు అడుగుతారు. ఉన్నాయి. మన పెద్దలు ఆ దేశం వదిలి వచ్చిన చాలా కాలానికి తవ్వినారు. గోదావరి మీద ధవళేశ్వరం ఆనకట్ట 1852కి పూర్తయింది, దాని కాలువల్లో సేద్యమూ పడవలూ రెండూ నడిచినాయి. మద్రాసు నుంచి ఉత్తరానికి 1806లో మొదలైన ఉప్పుకాలువ కొద్దికొద్దిగా పెరిగి పెదగంజాం దాకా పోయింది. 1876-78 ధాతు కరువులో కూలి లేని జనాన్ని పెట్టి మద్రాసు ఊరి నడుమ కూవం, అడయారు ఏర్లను కలిపే ముక్క తవ్వించినారు. అప్పటి గవర్నరు పేరుతో అది బకింగ్‌హాం కాలువ అయింది. ఆంధ్ర పక్కన 257 కిలోమీటర్లు, మన తమిళనాడు పక్కన 163. నెల్లూరు సీమ నుంచి తెలుగు పడవవాళ్ళు కట్టెలు, ఉప్పు, బియ్యం మద్రాసుకు తెచ్చేవాళ్ళు.

ఆ పడవలకు ఇంజను ఎందుకు రాలేదు? గాలి ఉంటే తెరచాప, లేకపోతే గెడతో నెట్టడం, గట్టు మీద తాడు భుజాన వేసుకొని లాగడం. ఇంగ్లండులో గుర్రం చేసిన పని ఇక్కడ మనిషి చేసినాడు. మనిషి కూలి గుర్రం మేత కన్నా చౌక, అంతే. దానికి తోడు సముద్రపు పోటు ఉంటేనే చాలా చోట్ల నీళ్ళు, లేకపోతే బురద. ఇంజను తిప్పే రెక్క బురదలో ఏం చేస్తుంది? ఇంతలో 1899లో మద్రాసు నుంచి బెజవాడకు రైలు కలిసింది, కాలువ పక్కనే అన్నట్టు. పడవకు రావలసిన ఇంజను పట్టాల మీద వచ్చింది. నా 38 ఏళ్ళ జీతం ఆ పట్టాల మీదే వచ్చింది కాబట్టి నేను రైలును తిట్టలేను. 1965, 66 తుపానులు మిగిలిన పనిని పూర్తి చేసినాయి. ఆ తాడు లాగినవాళ్ళ పేర్లు ఏ కంపెనీ లెడ్జరులోనూ ఉండవు.

ఇప్పుడు మన కరిసల్ సీమకు వస్తాను. విరుదునగర్ నుంచి కోవిల్‌పట్టి దాకా రైలు కిటికీలో చూడండి, ఎక్కడా కాలువ కనపడదు. మానం చూసి విత్తే నేల. ఉన్న నీళ్ళు బావిలో, అదీ పాతాళంలో. ఆ నీళ్ళు తీసేదానికి కవలై. ఆంధ్రలో దీన్నే మోట, కపిల అంటారు. మా అవ్వ చెప్పేది, తెల్లవారుజామున మూడు గంటలకు ఎద్దులు కడితే పొద్దు ఎక్కేదాకా. ఎద్దులు వాలులోకి దిగితే తోలు బొక్కెన పైకి వస్తుంది, వెనక్కి నడిస్తే లోపలికి పోతుంది. వెనక్కి నడవడం ఎద్దుకు చాలా కష్టం. వేసవిలో నీళ్ళు లోతుకు పోయినప్పుడు మిరప తోటను కాపాడడానికి ఎద్దులను చంపుకొన్న ఇళ్ళు ఉన్నాయి. మన పెద్దలకు కూడా ఒక నమ్మకమైన మారు ఇంజను కావలసి ఉండింది. అక్కడ గుర్రానికి మారు, ఇక్కడ ఎద్దుకు మారు.

అది వచ్చింది ఇంగ్లండులో గ్లాస్టర్‌షైర్ జిల్లా డర్స్లీ ఊరినుంచి. 1867లో రాబర్ట్ ఆష్టన్ లిస్టర్ పెట్టిన కంపెనీ. గొర్రెల బొచ్చు కత్తిరించే మిషన్లు, పాల మీగడ తీసే మిషన్లు చేసేది, అంటే మొదటినుంచి సంసారి కంపెనీ. 1930 ప్రాంతంలో వాళ్ళు సీ.ఎస్. అనే డీజిల్ ఇంజను తెచ్చినారు. ఆ రెండు అక్షరాలకు అర్థం చల్లగానే స్టార్ట్ అవుతుందని. బ్లోలాంపు అక్కరలేదు. హ్యాండిల్ తగిలించి, లీవరు ఎత్తి, ఫ్లైవీలుకు వేగం వచ్చేదాకా తిప్పి, లీవరు వదిలితే అంటుకుంటుంది. నాలుగున్నర అంగుళాల బోరు, అయిదున్నర అంగుళాల స్ట్రోకు. మొదట 5 గుర్రాలు, నిమిషానికి 600 చుట్లు. తరువాత 6 గుర్రాలు, 650 చుట్లు. రెండు పెద్ద ఫ్లైవీళ్ళతో కలిపి మూడు వందల కిలోలకు పైనే బరువు. ఇప్పటి మోటారు బైకు కుర్రవాళ్ళు నవ్వుతారు, ఆరు గుర్రాలకు అంత ఇనుమా అని. ఆ ఇనుమే దాని ఆయుసు. మెల్లగా తిరిగేది మెల్లగా అరుగుతుంది.

స్వాతంత్ర్యం వచ్చే ముందు 1946లో పూనాలో కిర్లోస్కర్ ఆయిల్ ఇంజన్స్ మొదలైంది. రాజ్‌కోట్ పక్క చిన్న చిన్న పోతపని పట్టడలు లిస్టర్‌ను చూసి అచ్చు అట్లాగే పోయడం నేర్చినాయి. కోయంబత్తూరులో మనవాళ్ళే పంపులు, మోటార్లు చేసినారు. 1937లో జి.డి. నాయుడు గారూ డి. బాలసుందరం నాయుడు గారూ చేసిన మోటారును దేశంలో మొదటిదిగా చెప్తారు. అయినా కరెంటు రాని ఊరికి మోటారు దేనికి? పాపనాశం జలవిద్యుత్తు 1944లో వచ్చింది, కానీ కంబం నాటి మన చేని దాకా తీగ రావడానికి ఇంకా ఎన్నో ఏళ్ళు పట్టింది. ఆ నడుమ కాలమంతా ఆయిల్ ఇంజనుదే. 

మా నాయనా, చిన్నాయనా కలిసి 1962లో ఒకటి కొన్నారు. మా పెద్దమ్మ గొలుసు ఒకటి దానికి పోయింది. కోవిల్‌పట్టి స్టేషను గూడ్సు షెడ్డులో దించి ఎద్దులబండి మీద తెచ్చినారట. ఏ ఎద్దులను కవలై నుంచి విడిపించేదానికి తెచ్చినారో ఆ ఎద్దులే దాన్ని లాగినాయి. నాకు బుద్ధి తెలిసేటప్పటికి అది మా ఇంట్లో ఒక మనిషి. క్రూడాయిల్ వాసన, తోలు బెల్టు చప్పుడు, నీళ్ళ తొట్టిలో వేడినీళ్ళు. చలికాలం ఆ వేడినీళ్ళకోసం మేము గొడవపడేవాళ్ళం. పొగగొట్టం మీద ఒక డబ్బా మూత వదులుగా తగిలించేవాళ్ళు, అది కొట్టుకొనే చప్పుడు మైలు దూరం వినపడేది. చప్పుడు మారితే మా చిన్నాయన ఇంట్లో అన్నం తింటూనే కనిపెట్టి లేచి పోయేవాడు.

అది చెడిపోలేదా అంటే, చాలాసార్లు చెడిపోయింది. నమ్మకమైన ఇంజను అంటే చెడిపోని ఇంజను అని పట్నంవాళ్ళు అనుకుంటారు. మన సీమలో లిస్టర్ నిలిచింది వేరే కారణానికి. పిస్టన్ రింగో, నాజిలో కావాలంటే విరుదునగర్ బజారులో దొరికేది, అసలుది కాకపోతే రాజ్‌కోట్‌ది. నాలుగు స్పానర్లు ఉన్న మేస్త్రి సైకిలు మీద వచ్చి, చెట్టు నీడలో హెడ్డు విప్పి, వాల్వులు అరగదీసి, సాయంత్రానికి నడిపించి పోయేవాడు. డర్స్లీలో గీసిన బొమ్మ, రాజ్‌కోట్ పోత, విరుదునగర్ అంగడి, మన ఊరి మేస్త్రి, ఈ గొలుసులో ఏది తెగినా ఇంజను ఉత్త ఇనుమే.

గొలుసు తెగింది కరెంటుతో. 1970 నుంచి కరెంటు రేటు పెంచినందుకు రైతులు వీధికెక్కినారు. నారాయణసామి నాయుడు గారి ఎద్దులబండ్ల పోరాటం మీకు తెలిసిందే. ఆయన 1984 డిసెంబరులో మన కోవిల్‌పట్టిలోనే కన్నుమూసినారు. ఆ ఏడే చిన్న రైతులకు కరెంటు ఉచితం అయింది, 1990 తరువాత అందరికీ. బటన్ నొక్కితే నీళ్ళు, అదీ కాసు లేకుండా. క్రూడాయిల్ కొని ఎవడు పోస్తాడు? ఆ పోరాటం న్యాయమే, దాన్ని తప్పు పట్టను. కానీ దాని తరువాత బోర్లు పడి, మోటార్లు పెరిగి, మా బావి ఎండింది. ఇంజను షెడ్డులో కోళ్ళు పండుకొనేవి.

ఇప్పుడు పిల్లోడికి ఆ రోజు చెప్పలేని జవాబు. 1991లో దాన్ని పాత ఇనుముకు అమ్మింది నేనే. నాయన అప్పటికి మంచం పట్టినాడు, చిన్నాయన వద్దన్నాడు. నేను గవర్నమెంటు ఉద్యోగస్తుణ్ణి, లెక్క తెలిసినవాణ్ణి అని గర్వం. కిలో లెక్క బేరం చేసినాను. వచ్చినవాళ్ళు ఇంజన్ను ఎత్తలేక, షెడ్డులోనే సమ్మెటతో ఫ్లైవీళ్ళను పగలగొట్టినారు. పోత ఇనుము గాజులాగా విరుగుతుంది. చిన్నాయన గట్టు మీద నిలబడి చూసి, ఏమీ అనకుండా ఇంటికి పోయినాడు. ఆ తరువాత నాతో సరిగా మాట్లాడడానికి రెండేళ్ళు పట్టింది. ఆయన మనవడే ఇప్పుడు ఆ ఇంజన్ను అడుగుతున్నాడు.

మనసు ఊరుకోక, వేరే ఎక్కడన్నా ఉందేమో అని మా పాత మేస్త్రిని వెతికి పట్టుకొన్నాను. ఎనభై దాటినాయి, చూపు తగ్గింది, మాట తగ్గలేదు. పాత ఇంజను చూసేదెట్లా అని అడిగితే చెప్పినాడు: "ముందు చేత్తో తిప్పు. నాజిల్ కిర్రుమనాలి, అది లేకపోతే పంపు పోయింది. ఫ్లైవీలు కింద గడ్డపార పెట్టి ఎత్తు, కదిలితే బేరింగు పోయింది. రాజ్‌కోట్‌ది అయితే కొత్తదైనా సరే, విప్పి కడిగే దాకా స్టార్ట్ చేయొద్దు. పోతపోసిన ఇసుక లోపలే ఉంటాది, ఆయిల్లో కలిసి అంతా నమిలేస్తాది." తరువాత పడవ సంగతి చెప్పినాను. కాసేపు ఆలోచించి, "బాయిలో నీళ్ళు ఒకే పక్కకు పోతాయి. పడవ వెనక్కి కూడా పోవాల కదా? గేరు పెట్టె ఎవరిస్తారు?" అన్నాడు.

పిల్లోడి ప్రశ్నకు ఆ ఒక్క మాటతో సగం జవాబు దొరికింది. గుర్రం లెక్క గుర్తుందా? పడవను నడిపేదానికి ఆరు గుర్రాలు చాలు. ఆపేదానికి చాలవు. నీళ్ళలో బ్రేకు లేదు, రెక్కను ఉల్టా తిప్పే ఆపాలి, ఎదురుగా పడవ వస్తే దానికి బలం కావాలి. బావి ఇంజనుకు గేరు లేదు, ఆ పెద్ద ఫ్లైవీళ్ళు ఏడు అడుగుల పడవలో సగం గది తింటాయి, దాని కుదుపుకు పాత అడుగు రేకుల రివెట్లు ఏమవుతాయో ఎవరూ పూచీ పడలేరు. ఇవన్నీ రాసి పంపినాను. జపాను కుబోటా ఇంజన్ను పడవకు తగ్గట్టు గేరుతో సహా అమర్చి ఇచ్చే కంపెనీ ఆ గ్లాస్టర్‌షైర్‌లోనే ఉంది, సామాను దొరుకుతుంది, పక్కనే మేస్త్రి దొరుకుతాడు, అది పెట్టుకో నాయనా అన్నాను. అట్లాగే అన్నాడు. కానీ గొంతులో కొంచెం దిగులు. పాత పడవకు పాత గుండె కావాలని వాడి ఆశ. మన పొన్మలై వర్క్‌షాపువాళ్ళు ఊటీ రైలుకు స్విట్జర్లాండు ఇంజన్లు ముసలివైతే, అదే కొలతకు కొత్త ఆవిరి ఇంజన్లు చేసి పెట్టినారు. అది గవర్నమెంటు కాబట్టి సాగింది.

చివరికి వాడు అడిగినాడు, "తాత ఇంజన్లో ఏమీ మిగల్లేదా పెదనాయనా?" అమ్మిన కథ అప్పుడు చెప్పినాను. వాడు ఏమీ అనలేదు, వాళ్ళ తాత లాగానే.

మరుసటి వారం ఊరికి పోయి పాత ఇల్లు అంతా వెతికినాను. పెరటి తలుపు గాలికి కొట్టుకోకుండా అడ్డం పెట్టిన ఇనుప కడ్డీ ఒకటి ముప్పై ఏళ్ళుగా చూస్తున్నదే. తుప్పు గీకి చూస్తే స్టార్టింగ్ హ్యాండిల్. ఆ రోజు తూకంలో దాన్ని వేయకుండా ఎవరు దాచినారో నాకు తెలుసు.

సంఘం సభ్యులకు ఒక విన్నపం. మీ చేలల్లో, పాత షెడ్లలో ఇట్లాంటి ఆయిల్ ఇంజను ఉంటే ఫోటో తీసి ఇక్కడ పెట్టండి. ఇత్తడి ప్లేటు ఉంటే నంబరు కనపడేటట్టు తీయండి. ఎప్పుడు కొన్నారు, ఎవరి నగ పోయింది, ఏ మేస్త్రి చూసేవాడు, ఇంట్లో పెద్దవాళ్ళను అడిగి రాయండి. అమ్మే ఆలోచన ఉంటే దయచేసి నాకు ఒక ఫోను చేసిన తరువాత అమ్మండి. మా మేస్త్రి ఇంకొకసారి చెయ్యి పెడతానన్నాడు. హ్యాండిల్ నా దగ్గర ఉంది.